ఓర్లీనా వదిన చెప్పని అంశం

మా ఓర్లీనా వదిన ప్రార్థన చేస్తుంటే వినాలి. దేవుడు ఆవిడ కింద నెలజీతానికి పనిచేస్తున్నాడేమోనని అనుమానం వస్తుంది.

"తండ్రీ, వెస్టా మోకాలు. ఎడమది. పోయిన వారం కుడిదని చెప్పాను, పొరపాటు నాది. కుడిదానికేమైనా చేసి ఉంటే అది అలాగే ఉండనీ, ఎడమది కూడా చూడు. ఇహ గోల్డా తమ్ముడి కేసు. ఆ జనరేటరు ఎత్తుకెళ్ళింది వాడే, ఆ సంగతి నీకూ తెలుసు, కాబట్టి వదిలేయమని అడగట్లేదు. జడ్జిగారికి ఆ పొద్దున పంటినొప్పి లేకుండా చూడు చాలు. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమెన్."

అంతే. ఇరవై ఆరేళ్ళు మా ఊరు స్లేట్ ఫోర్క్‌లో బడి వంటగది నడిపిన మనిషి. సరుకుల లారీవాడికి చెప్పినట్టే దేవుడికీ చెబుతుంది. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, పోయినసారి వచ్చిన దాంట్లో ఏది పాడైంది. మిగతాది ఆయన పని.

మా సంఘంలో బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం ఎప్పటినుంచో ఉంది. అది మగవాళ్ళ చేతుల్లో ఉండేది. ఒక డీకన్, అంటే సంఘ పెద్ద, లేచి కళ్ళు మూసుకున్నాడంటే ఆదాము దగ్గర మొదలుపెట్టి నలభై నిమిషాలకి నోవహు ఓడ దాకా వచ్చేవాడు. ఒకరోజు ఇంటికి పోతూ దారిలో వదిన అంది, "ఆ కథలన్నీ ఆయనకెందుకు చెబుతాడే? జరిగినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడుగా." ఆ మరుసటి వారమే బుధవారం పొద్దున పది గంటలకి చర్చి కింది గదిలో ఆడవాళ్ళ కూటం మొదలుపెట్టింది. ఎవరి అనుమతీ అడగలేదు, బడివాళ్ళది కూడా; ఆ గంట పొయ్యి తన సహాయకురాలికి అప్పగించేది. కాఫీ కాచే పెద్ద పాత్ర ఒకటి బడి నుంచి తెచ్చి పెట్టింది, ఇనప కుర్చీలు గుండ్రంగా వేసింది, వచ్చిన వాళ్ళం కూర్చున్నాం. ముప్పై ఒక్క ఏళ్ళు గడిచాయి.

ఆవిడ కూటానికి నియమాలు ఉన్నాయి. ఎవరి ప్రార్థనైనా మూడు నిమిషాలు దాటకూడదు. జబ్బు పేరు చెబితే చాలు, నడుము కిందివైతే వివరాలు అక్కర్లేదు. పక్కింటివాళ్ళ గొడవ ప్రార్థన అంశంగా తేకూడదు. "చాడీలు చెప్పాలనుంటే కాఫీ దగ్గర శుభ్రంగా చెప్పండి, నేనూ వింటాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకోకండి," అనేది. ఈ నియమం పెట్టాక మొదటి నెలలో నలుగురు రావడం మానేశారు. ఇంట్లో తోచక మళ్ళీ వచ్చారు.

ఒక్కదాన్ని మాత్రం వదిన ఆపలేకపోయింది. అది మా కొండల్లో అన్ని సంఘాల్లోనూ ఉన్న అలవాటే. పైకి చెప్పుకోలేని బాధ ఉన్నవాళ్ళు చెయ్యెత్తి, "చెప్పని అంశం" అంటారు. అదేమిటని ఎవరూ అడగకూడదు. అందరూ కలిసి దానికోసం ప్రార్థన చేయాలి. అడగకూడదు కాబట్టి ఇంటికెళ్ళాక అందరూ ఊహించుకుంటారు. వదినకి ఒళ్ళు మండేది. "కవరు మీద చిరునామా రాసి, లోపల కాగితం పెట్టకుండా అంటించి పంపితే ఆయనేం చదువుకోవాలి?" అనేది. అయినా ఎవరైనా చెయ్యెత్తితే మాత్రం జాబితాలో రాయించేది.

ఆ జాబితా టైపు చేసేది నేను. నా పేరు డెల్ఫియా. వదిన మొగుడు హోబర్ట్ స్టిడమ్ నాకు స్వయానా అన్నయ్య. జాబితాలో పేర్లు వస్తుంటాయి, పోతుంటాయి. మొదటి వరస మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళుగా మారలేదు. "హోబర్ట్, రక్షణ." అంటే మా అన్నయ్య ప్రభువుని నమ్ముకుని నోటితో ఒప్పుకోవాలని.

మా అన్నయ్య చెడ్డవాడేం కాదు. బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళు రాత్రి షిఫ్టులో దొర్లాడు, తాగడు, ఎవరి జోలికీ పోడు. దేవుడి జోలికి కూడా పోడు, అంతే. వదినకి డ్రైవింగు రాదు. వచ్చేది కానీ, ఒకసారి చర్చి బోర్డునే గుద్దేసింది, ఆ తర్వాత మానేసింది. అందుకని ప్రతి బుధవారం అన్నయ్యే పికప్పు ట్రక్కులో తీసుకొస్తాడు. ఆవిడ లోపలికెళ్తుంది, వాడు ట్రక్కులోనే కూర్చుంటాడు. మా వైపు అలవాటుగా కూల్‌డ్రింకు సీసాలో వేరుశెనగ గింజలు పోసుకుని, రేడియో పెట్టుకుని, గంటసేపు. లోపలికి రారాదా అని నేను వందసార్లు అడిగాను. "ముప్పై ఏళ్ళుగా నా గురించే మాట్లాడుకుంటున్న గదిలోకి ఏ మొహం పెట్టుకుని రానే?" అనేవాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

నా సంగతి కూడా చెప్పేస్తాను, దాచుకుని లాభం లేదు. ఆ కూటం నేను నడపాలని నాకు ఇరవై ఏళ్ళుగా కోరిక. నా ప్రార్థనల్లో అందం ఉంటుంది. మాటలు నాకు వాటంతటవే వస్తాయి. ఒకసారి "ఓ సర్వోన్నతుడా, ఉదయకాలపు మంచులో నీ మహిమను" అని ఎత్తుకున్నానో లేదో, వదిన చెంచాతో బల్ల మీద టకటకమని కొట్టి, "డెల్ఫియా, అసలు విషయానికి రా," అంది. పదకొండు మంది ముందు. ఇది జరిగి పద్నాలుగేళ్ళయింది. నేను క్షమించేశాను. ఎప్పుడు క్షమించానో తారీఖుతో సహా గుర్తుంది.

పోయిన అక్టోబరులో రెండో బుధవారం మామూలుగానే మొదలైంది. వెస్టా మోకాలు, గోల్డా తమ్ముడు, ఎవరి మనవరాలిదో పెళ్ళి. ఒక్కొక్కరూ చెప్పారు, నేను రాసుకున్నాను. అందరివీ అయ్యాక వదిన కళ్ళజోడు తీసి గౌనుకి తుడుచుకుని, "నాదీ ఒకటుంది. రాయి డెల్ఫియా," అంది.

మేమంతా తలలెత్తాం. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ తనకోసం ఏమీ అడగలేదు. గర్భసంచి తీసేసినప్పుడు కూడా ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక చెప్పింది.

"ఏమిటొదినా?" అన్నాను పెన్ను పట్టుకుని.

"చెప్పని అంశం," అంది.

వెస్టా చేతిలో కాఫీ ఒళ్ళో ఒలికింది, చూసుకోలేదు కూడా. వదిన మాత్రం ఏమీ జరగనట్టు కాగితం అందుకుని ప్రార్థన చేసేసింది. అప్పుడొకటి గమనించాను. ఇదివరకు కాగితం ముందున్నా చూసేది కాదు, పేర్లన్నీ నోటికొచ్చు. ఆ రోజు వరస వెంట వేలు పెట్టుకుని, కరెంటు బిల్లు చదివినట్టు చదివింది.

నేను ఇంటికొచ్చి కోటు విప్పేలోగా ఫోను మోగింది. మాకు ప్రార్థన గొలుసు అని ఒకటుంది. ఎవరికైనా ఆపద వస్తే ఒకరు ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి, అలా ఏడిళ్ళకి ఫోన్లు వెళ్తాయి. విన్నది విన్నట్టే చెప్పాలి, సొంతం కలపకూడదు. ఇదీ వదిన పెట్టిన నియమమే. గొలుసు వదిన దగ్గర మొదలై నా దగ్గరికి రావాలి, చివర గోల్డా. ఆ రోజు గోల్డా తిరగేసి నాకే చేసింది.

"ఏమే డెల్ఫియా, ఏం జరిగిందే? నీకు తెలిసే ఉంటుంది."

"నాకేం తెలుసు. అడగకూడదుగా."

"ఎవరడుగుతున్నారు? నేను ప్రార్థన చేసుకోవద్దూ? దేనికోసం చేస్తున్నానో తెలియకపోతే గురి ఎలా కుదురుతుందే?"

ఇక్కడే నా నోరు జారింది. తెలీదంటే చిన్నతనంగా అనిపించింది. ఆడపడుచుని, నాకే తెలీదంటే ఏం బావుంటుంది? "అన్నయ్య దగ్గు నాకేం నచ్చట్లేదు గోల్డా. పోయిన నెల లెక్సింగ్టన్ తీసుకెళ్ళారు, పరీక్షలకి. అంతకంటే నన్నేం అడక్కు," అన్నాను.

గని మనిషికి దగ్గు ఉండకపోతే ఆశ్చర్యపోవాలి. లెక్సింగ్టన్ పట్నం వెళ్ళిన మాట నిజమే. కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్ళాడు. ఆ ముక్క నేను చెప్పలేదు.

పొద్దు వాలేసరికి గొలుసు ఒక చుట్టు తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. వెస్టా ఏడుస్తూ చేసింది. హోబర్ట్‌కి ఊపిరితిత్తులు రెండూ పోయాయట, డాక్టర్లు క్రిస్మస్ దాకా అన్నారట, ఓర్లీనాకి మాత్రమే చెప్పారట, అతనికి చెప్పొద్దన్నారట. నేను వేసిన విత్తనమేనని తెలుసు, అయినా ఇంకొకరి నోటి నుంచి ఏడుపుతో సహా వచ్చేసరికి, ఏమో, నిజమేనేమో అనిపించింది.

మా ఊళ్ళో మనిషి చచ్చిపోతున్నాడంటే భోజనం ముందుగా వస్తుంది. మర్నాడు మధ్యాహ్నానికి అన్నయ్య ఇంటి వసారాలో గిన్నెలు వరస కట్టాయి. కోడిపులుసులో ఉడికించిన పిండి ఉండలు మూడు రకాలు, ఉప్పు పంది తొడ ఒకటి, చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే, అరటిపండు పుడ్డింగులు లెక్కలేనన్ని. గిన్నె అడుగున అంటించిన బిళ్ళల మీద ఎవరి పేర్లు వాళ్ళవి. ఒక డీకన్ వచ్చి చలికాలానికి సరిపడా కట్టెలు కొట్టిపెట్టి, అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. పక్కింటాయన అన్నయ్య వేటకుక్కని నిమురుతూ, దీన్ని నేను బాగా చూసుకుంటాను హోబర్ట్, దాని గురించి దిగులు పెట్టుకోకు అన్నాడు. కుర్ర పాస్టరు వచ్చి వాతావరణం గురించి కాసేపు మాట్లాడి, "బ్రదర్ హోబర్ట్, మీకు ఏ పాటలంటే ఇష్టమండీ?" అని అడిగి, చెప్పినవి జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

అన్నయ్య మొదటిరోజు సంతోషంగా తిన్నాడు. రెండోరోజు ఆలోచిస్తూ తిన్నాడు. పాస్టరు వెళ్ళాక తినడం మానేశాడు.

ఇవన్నీ ఎందుకని వదిన ఎవరినీ అడగలేదేమంటారా? ఆవిడకి గిన్నెలు కనిపించాయి, కానీ తనకోసం వచ్చాయనుకుంది. చెప్పని అంశం ఏమిటో వీళ్ళు ఎలాగో పసిగట్టేశారని, అందుకే జాలిపడి తెచ్చి పెడుతున్నారని సిగ్గుతో తల వంచుకుని గిన్నెలు కడిగి పంపించింది. అన్నయ్యేమో, పాపం నా చావు కబురు గుండెల్లో పెట్టుకుని గిన్నెలు కడుగుతోంది, నేను అడిగితే ఏడుస్తుంది అని నోరు మెదపలేదు. నలభై నాలుగేళ్ళు కాపురం చేసినవాళ్ళు. ఒకే బల్ల దగ్గర కూర్చుని, పుడ్డింగు ఒకరి వైపు ఒకరు జరుపుకుంటూ, ఒకరినొకరు చూసి జాలిపడుతూ ఆ వారమంతా గడిపారు.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య మా ఇంటికొచ్చాడు. వసారా మెట్టు మీద కూర్చుని టోపీ తీసి మోకాలికి తగిలించాడు.

"ఎన్నాళ్ళే?" అన్నాడు.

"ఏమిటన్నయ్యా?"

"నాటకాలాడకు. నీకు తెలుసు. మీ వదిన చెప్పట్లేదు. ఎన్నాళ్ళు?"

అదంతా నేను అల్లిందే, వెళ్ళి పడుకో, నీకేం కాదు అని చెప్పాల్సిన క్షణం అది. చెప్పేదాన్నే. నోరు తెరిచాను కూడా. అంతలో వాడన్నాడు, "సరే, చెప్పకపోతే మానెయ్. ఈ బుధవారం లోపలికొస్తాను. ఆవిడ ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. పోయేలోగా అదొక్కటి చేసి పోతా."

నేను నోరు మూసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా మొదటి వరసలో ఉన్న పేరు. వదిన ముక్కుసూటి ప్రార్థనలకి రాని మనిషి, నా ఒక్క ఫోను మాటకి వస్తున్నాడు. అబద్ధమైతే ఏమిటి, మనిషి పరలోకం గుమ్మం దాటాక టిక్కెట్టు ఎక్కడ కొన్నావని ఎవరడుగుతారు? అలా అనుకున్నాను. అనుకోవడమే కాదు, లోపల మహా గర్వపడ్డాను.

"దేవుడు మంచివాడన్నయ్యా," అన్నాను.

వాడు నా మొహంలోకి కాసేపు చూశాడు. "అంత తొందరగానా," అని లేచి వెళ్ళిపోయాడు.

బుధవారం నాడు పదిమందిమీ ముందే వచ్చి కూర్చున్నాం. పదింటికి వదిన మెట్లు దిగింది. ఆవిడ వెనకాల బూట్ల చప్పుడు. అన్నయ్య తెల్ల చొక్కా వేసుకుని, పై గుండీ బిగించుకుని, టోపీ రెండు చేతుల్తో పట్టుకుని దిగాడు. ఎవరూ చెప్పకుండానే మేమంతా లేచి నిలబడ్డాం. వెస్టా మోకాలు సంగతి కూడా మర్చిపోయి లేచింది.

వదిన వెనక్కి తిరిగి చూసి అక్కడే ఆగిపోయింది. "హోబర్ట్, ట్రక్కు పాడైందా?"

"లేదు. నా పని కానిచ్చెయ్ ఓర్లీనా. ఏం చెప్పాలో చెప్పు, చెబుతా. మోకాళ్ళ మీద కూర్చోమంటే కూర్చుంటా, లేవడానికి ఎవరైనా చెయ్యి ఇవ్వాలి."

వదిన మొహంలోకి రంగు వచ్చింది. చేతులు రెండూ ముందుకు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "ఇవాళేమిటి? ఇన్నాళ్ళూ లేనిది ఇవాళేమిటి?"

"ఇంకెప్పుడు? డాక్టరు నీకు చెప్పింది నాకు తెలిసిపోయింది. నామీద కోపం లేదులే. నువ్వు మంచికే దాచావు."

"ఏ డాక్టరు?"

"లెక్సింగ్టన్ డాక్టరు."

"కళ్ళ డాక్టరా?"

రోజూ మూడొందల మంది పిల్లల్లో రొట్టె ముక్క విసిరినవాణ్ణి తల తిప్పకుండా పట్టుకున్న మనిషి వదిన. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. వెస్టా గోల్డాని చూసింది. గోల్డా నన్ను చూసింది.

"నేనే వదినా," అన్నాను. "నేనన్నది దగ్గు గురించి మాత్రమే. మిగతాది గొలుసులో కలిసింది." ఆ తర్వాత, "మొదలుపెట్టింది మాత్రం నేనే," అన్నాను.

ఆవిడ నన్నేమీ అనలేదు. చెంచాతో కొట్టి ఉంటే బాగుండేది.

గోల్డా ఆవిడ చెవి దగ్గరికి జరిగింది. గోల్డా గుసగుసంటే గది మొత్తానికీ వినిపిస్తుంది. "ముందు రక్షణ కానీవే ఓర్లీనా. మనిషి వచ్చి నిలబడ్డాడు. ఆ రెండు మాటలూ అనిపించెయ్. నిజం మధ్యాహ్నం చెప్పుకోవచ్చు, ఎక్కడికీ పోదు."

మాలో తప్పు అన్నవాళ్ళు ఎవరూ లేరు. నేను కూడా మనసులో సరే అన్నాను. వదిన అన్నయ్యని చూస్తూ నిలబడింది. ఆ తెల్ల చొక్కాని, ఆ బిగించిన గుండీని, టోపీ అంచుని తిప్పుతున్న వేళ్ళని. తన ఇంటికోసం ఆవిడ అడిగింది ఈ ఒక్కటే. అది వచ్చి ఎదురుగా నిలబడి, ఏం చెప్పాలో చెప్పు అంటోంది.

"నువ్వు చావట్లేదు హోబర్ట్," అంది.

గోల్డా నెత్తి కొట్టుకుంది.

"నీకేం లేదు. అందరికీ ఉండే దగ్గే. ఆ చెప్పని అంశం నీది కాదు, నాది." కుర్చీ వెనక పట్టుకుంది. "కూర్చోండి అందరూ. ఎలాగూ చెప్పాల్సిందే, కవర్లో కాగితం పెట్టకుండా పంపింది ఈసారి నేనే."

మేం కూర్చున్నాం. అన్నయ్య నిలబడే ఉన్నాడు.

"నేను వంట చేసుకుంటుంటే పక్క గదిలో మనిషి ఉన్నట్టుండేది," అంది వదిన. "ఎప్పుడూ. చిన్నప్పటినుంచీ. నేను మాట్లాడేదాన్ని, ఆయన వినేవాడు. తిరిగి మాట్లాడేవాడు కాదు, ఆ సంగతి వేరు, హోబర్ట్ కూడా మాట్లాడడు. కానీ ఉన్నాడని తెలిసేది. ఫిబ్రవరిలో ఒకరోజు గిన్నెలు తోముతూ ఏదో చెబుతున్నాను. గదిలో ఎవరూ లేరు. అంతే. ఏ గొడవా జరగలేదు, ఎవరూ పోలేదు. నేనేం కోపగించుకోలేదు. లేరు. మర్నాడు చూశాను, లేరు. ఎనిమిది నెలలైంది."

వెస్టా ఏదో అనబోయింది. వదిన చెయ్యి చూపించి ఆపింది.

"మీరందరూ వారం వారం మీ మోకాళ్ళూ, మీ తమ్ముళ్ళూ తెచ్చి నా చేతిలో పెడుతున్నారు, నేను తీసుకెళ్ళి ఆయనకిస్తాననుకుని. నేను ఖాళీ గదిలో కాగితం చదివి, ఆమెన్ అని కాఫీ పోస్తున్నాను. ఎనిమిది నెలలు మిమ్మల్ని మోసం చేశాను. పైగా ఇవాళ ఈయన్ని కూడా అందులోకి దింపనా? అబద్ధం విని వచ్చినవాడిని, నాకే నమ్మకం లేని ప్రార్థన చెప్పించి పంపనా? నావల్ల కాదు." జాబితా తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇవాళ్టినుంచి డెల్ఫియా నడుపుతుంది. మాటలు దానికి బాగా వస్తాయి."

ఇరవై ఏళ్ళ కోరిక ఒళ్ళోకి వచ్చి పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. సర్వోన్నతుడా అందామనుకున్నాను. ఆ పదం ఎంత వెతికినా దొరకలేదు. వదిన చెప్పిన ఆ ఖాళీ గదిలోకి నా మంచూ నా మహిమా తీసుకెళ్ళి ఎక్కడ పెట్టను? కళ్ళు తెరిచి, "నాకు రావట్లేదు వదినా," అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే నేను పోవట్లేదా?"

"లేదు," అంది వదిన.

"మరి పాస్టరు నా సమాధి పాటలు రాసుకెళ్ళాడు."

"ఉంచుకోమను. ఎప్పటికైనా పనికొస్తాయి."

వాడు టోపీ పెట్టుకున్నాడు. మెట్ల వైపు ఒక అడుగు వేశాడు. వాణ్ణి తప్పు పట్టలేను, వచ్చిన పని లేకపోయింది. అక్కడ ఆగి మా అందరి మొహాలూ చూశాడు. "రక్షణ సంగతి ఇవాళ వద్దులే. చావట్లేదంటున్నారుగా," అన్నాడు. గోల్డా నోటినుంచి మూలుగు వచ్చింది. "కానీ ఒక మాట చెప్పండి. మీ అందరికీ ఈవిడ చేస్తుంది. ఈవిడకి ఎవరు చేస్తారు?"

మేమెవరమూ ఎప్పుడూ చేయలేదు. ఆవిడకి కావాల్సి ఉంటుందని మాకు తోచలేదు.

అన్నయ్య టోపీ మళ్ళీ తీశాడు. కళ్ళు మూసుకోవాలని వాడికి తెలీదు. గది మూల పైకప్పు కింద పైపులు కలిసే చోటు చూసి, అక్కడ ఎవరో పెద్దమనిషి నిలబడి ఉన్నట్టు మొదలుపెట్టాడు.

"అయ్యా. నా పేరు హోబర్ట్ స్టిడమ్ అండి. నేను మీకు తెలీదు."

"తెలుసు," అంది వదిన. అప్పటికే ఆవిడ తల వంచుకుని కళ్ళు మూసుకుని ఉంది. "ప్రతి బుధవారం చెప్పాను. కానివ్వు."

"సరే, తెలుసట. ఈవిడ మీతో చాలా ఏళ్ళుగా మాట్లాడుతోంది. నేను బయట ట్రక్కులో కూర్చునేవాణ్ణి. నాకు మీ సంగతులేం తెలీవు కానీ, ఈవిడ లోపలికెళ్ళేటప్పుడు ఒక మొహంతో వెళ్ళేది, వచ్చేటప్పుడు ఇంకో మొహంతో వచ్చేది. ఆ రెండో మొహం కోసమే నేను గంటసేపు కూర్చునేవాణ్ణి. ఈ మధ్య వెళ్ళినప్పుడూ వచ్చినప్పుడూ ఒకటే మొహం. నేను చూశాను. అడగలేదు. అది నా తప్పు. మీరూ చూసే ఉంటారు. ఏం చెయ్యలేదు. అది మీ తప్పండి." వెస్టా ఒక కన్ను తెరిచి చూసింది. "మీకు పనులుంటాయి, కాదన్ను. వీలు చూసుకుని ఈవిడ దగ్గరికి రండి. వీలు కాకపోతే పోనీండి, నేను లోపలికొచ్చి కూర్చుంటాను. అదే చెబుదామని. అంతే."

ఆమెన్ అనాలని వాడికి తెలీదు. మేమూ మర్చిపోయాం.

"ఉన్నాడని ఏమైనా తెలిసిందా?" అన్నాడు అన్నయ్య.

వదిన కళ్ళు తెరవలేదు. ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆ క్షణంలో ఎంత తేలికో మాకందరికీ తెలుసు, మేమందరం ఆ అబద్ధం కోసమే చూస్తున్నాం.

"లేదు," అంది.

"సరే," అని వాడు ఇనప కుర్చీ ఒకటి లాక్కొచ్చి, ఆవిడ పక్కన వేసుకుని, కూర్చున్నాడు.